డాక్టరుగారి చందా

మొన్న సంక్రాంతికి మా అక్కయ్య కొడుకు అమెరికా నుండి వచ్చాడు. వాడు అక్కడ మత్తు డాక్టరు. అంటే ఆపరేషను బల్ల మీద రోగిని నిద్రపుచ్చి, పని ముగిసేదాకా అతని ఊపిరినీ గుండెనూ కనిపెట్టి వుండి, మళ్ళీ మేలుకొలిపే వైద్యుడన్నమాట. మైలాపూరులో మా యింటి వసారాలో కూర్చుని, అరిసె ముక్క నములుతూ, చేతిలోని సెల్‌ఫోను చూసి ఫక్కున నవ్వాడు.

“చూశారా మామయ్యా! మీరు పదకొండేళ్ళు ఆఫీసులో చందాలు వసూలు చేశారు గదా. యిప్పుడు మా డాక్టర్ల సంఘం వారు నన్ను చందా అడుగుతున్నారు. పేదలకు కాదు, ఆస్పత్రికి కాదు, ఎన్నికలకట!” అన్నాడు.

“యెంత అడిగారు?” అన్నాను.

“రెండువందల యాభై డాలర్లు. డబ్బుకేం గాని, డాక్టరుకు రాజకీయాలెందుకు మామయ్యా? నా దగ్గరకు వచ్చే రోగి యే పార్టీవాడో నేను అడుగుతానా?”

మా అక్కయ్య కూడా కొడుకు మాటే సబబన్నది. “వాడిని మనం చదివించింది ప్రాణాలు కాపాడమని గాని, పార్టీలకు డబ్బు పోయమని కాదు” అన్నది. నేను ఆ పూట జవాబు చెప్పలేదు. చందా అన్న మాట వినగానే నాకు వెంటనే నోరు పెగలదు. దానికి కారణం వుంది. తరువాత నాలుగు రోజులు ఆ సంగతి గురించి వాడిని అడిగి, చదివి, తెలిసిన వారిని కనుక్కొని, ఊరికి వెళ్ళే ముందు నా అభిప్రాయం వాడితో చెప్పాను. మన సంఘంలో కొడుకో, కూతురో, అల్లుడో, కోడలో డాక్టరు కాని యిల్లు తక్కువ గనుక, అదే యిక్కడ వ్రాస్తున్నాను. నేను మెట్రిక్యులేషను దాటని గుమాస్తాను. వైద్యం గురించి నాకు తెలియదు. చందా గురించి మాత్రం కొంచెం తెలుసు.

నేను నేర్చుకొన్న పాఠం

పారిస్ కార్నరు దగ్గర ఒక ఆఫీసులో యిరవై రెండేళ్ళుగా పని చేస్తున్నాను. అందులో పదకొండేళ్ళు ఉద్యోగుల సంఘానికి కోశాధికారిగా వున్నాను. జీతాల మరునాడు రసీదు పుస్తకం చంకన పెట్టుకొని బల్ల బల్లకూ తిరగడం నా పని. కొందరు నన్ను చూడగానే ఫైలులో తల దూర్చేవారు. కొందరు “వచ్చే నెల యిస్తాలే” అనేవారు. ఒక పెద్దమనిషి “సంఘం వల్ల నాకేం ఒరిగింది?” అని ప్రతి నెలా అడిగేవాడు, బోనసు పెరిగిన నాడు మాత్రం లెక్క సరిగా వేశారా లేదా అని అందరి కన్న ముందు అడిగినవాడూ ఆయనే.

ఒక యేడాది మా పదోన్నతి నిబంధనలు మార్చబోతున్నట్టు నోటీసు బోర్డులో కాగితం పెట్టారు. అభ్యంతరాలు చెప్పుకోవడానికి ముప్ఫై రోజుల గడువు. లాయరుగారికి చూపించి, పాత ఉత్తర్వులు వెతికి, గట్టి జవాబు వ్రాయించాలి. నిధిలో చూస్తే నాలుగు వేల చిల్లర వున్నది. నేను వసూలుకు తిరిగి, డబ్బు కూడగట్టి, లాయరుగారి మెట్లు యెక్కేసరికి గడువు దాటి తొమ్మిది రోజులైంది. కొత్త నిబంధన ప్రకారం మెట్రిక్యులేషను చదువు చాలదని పై మెట్టు మూసుకుపోయిన వారు పదిహేడు మంది. అందులో నేనొకణ్ణి. ఆ యేడు చందా యివ్వని వారి పేర్లు నా పుస్తకంలోనే వున్నవి. ఆ పదిహేడు మందిలో తొమ్మిది మంది వారే. వారిని యేమనను? ముందే నిధి నిలవ చేయని కోశాధికారిని నేనే గదా. ఆ తప్పులో నా పాలు నాకున్నది.

ఆనాడు నాకు తెలిసింది యిది: యిల్లు అంటుకొన్నాక తవ్వే బావి లాంటిది, అవసరం వచ్చాక వసూలు చేసే చందా. మా మేనల్లుడి రెండువందల యాభై డాలర్ల సంగతి వినగానే నాకు ఆ ముప్ఫై రోజులే గుర్తుకు వచ్చినవి.

అమెరికాలో ఆ చందా యేమిటి?

అక్కడ వృత్తి సంఘాలు, వ్యాపార సంఘాలు, కార్మిక సంఘాలు తమ పక్షాన ఎన్నికల విరాళాలు యివ్వడానికి విడిగా ఒక నిధి పెట్టుకొంటవి. రాజకీయ కార్యాచరణ సమితి అని దాని పేరు. క్లుప్తంగా ‘ప్యాక్’ అంటారు. అమెరికా డాక్టర్ల పెద్ద సంఘం 1961లోనే అటువంటి సమితిని స్థాపించింది. తరువాత కంటి వైద్యులు, ఎముకల వైద్యులు, ఎక్స్‌రే వైద్యులు, మత్తు వైద్యులు యెవరికి వారే తమ శాఖ పేరిట సమితులు పెట్టుకొన్నారు.

మనవారికి ఎన్నికల విరాళం అనగానే రాత్రిపూట చేతులు మారే సంచి కళ్ళ ముందు మెదులుతుంది. అక్కడి పద్ధతి వేరు. 1970లలో వచ్చిన చట్టాల ప్రకారం ఒక మనిషి ఒక సమితికి యేడాదికి అయిదు వేల డాలర్లకు మించి యివ్వరాదు. ఆ సమితి ఒక అభ్యర్థికి ఒక ఎన్నికకు అయిదు వేలకు మించి యివ్వరాదు. నూరు డాలర్లు దాటితే రొక్కం పనికిరాదు. యేడాదికి రెండు వందలు దాటి యిచ్చినవారి పేరు, వృత్తి, పనిచేసే చోటు ప్రభుత్వ ఎన్నికల కమిషనుకు అందజేయాలి. ఆ జాబితా యెవరైనా చూడవచ్చు. సంఘంలో సభ్యత్వానికి కట్టే మామూలు రుసుములో నుంచి అభ్యర్థులకు పైసా తీయరాదు. అందుకే ఈ చందా వేరుగా అడుగుతారు. యివ్వడం పూర్తిగా యిష్టపూర్వకం. యివ్వనివాణ్ణి సంఘం వేరుగా చూడరాదు.

యింకొక నియమం మన పిల్లలకు ముఖ్యమైనది. ఆ దేశ పౌరులూ, గ్రీన్ కార్డు వున్నవారూ మాత్రమే యివ్వవచ్చు. చదువు వీసా మీదా, ఉద్యోగపు వీసా మీదా వున్నవారు యివ్వకూడదు. డాక్టరు సొంత కంపెనీ పెట్టుకొని ప్రాక్టీసు చేస్తున్నా, ఆ కంపెనీ చెక్కు పనికిరాదు. సొంత ఖాతా నుండి యివ్వాలి. తెలియక చేసినా చిక్కే గనుక, మన పిల్లలకు ఈ సంగతి ముందుగా చెప్పవలసి వున్నది.

యివ్వకపోతే యేమవుతుంది?

“రోగిని చూడడం నా పని, చట్టాలతో నాకేమిటి?” అన్నాడు మా వాడు. వాడి బ్రతుకులోని సంగతులే తీసి చూపించాను.

వాడు శిక్షణకు వెళ్ళింది ‘జె’ వీసా మీద. ఆ వీసా మీద చదివిన డాక్టరు శిక్షణ ముగిశాక రెండేళ్ళు స్వదేశానికి తిరిగి రావాలి. 1994లో కాన్రాడ్ అనే సెనేటరు పూనుకొనగా ఒక పథకం వచ్చింది. డాక్టర్లు దొరకని ప్రాంతంలో మూడేళ్ళు పని చేస్తే ఆ రెండేళ్ళ నిబంధన నుండి మినహాయింపు యిస్తారు. యిప్పుడు ఒక్కొక్క రాష్ట్రానికి యేడాదికి ముప్ఫై మంది. మా వాడు పొలాల మధ్య చిన్న ఊళ్ళో మూడేళ్ళు పని చేసింది ఆ పథకం కిందనే. అది శాశ్వతమైన చట్టం కాదు. కాంగ్రెసు యెప్పటికప్పుడు గడువు పొడిగిస్తేనే సాగుతుంది. పొడిగించమని అడిగే నోరు వుండాలి గదా. ఆ పైన గ్రీన్ కార్డు. ఉద్యోగపు కోటాలో యే ఒక్క దేశం వారికీ నూటికి ఏడుకు మించి దక్కరాదన్న నిబంధన వల్ల వాడు పన్నెండేళ్ళు కాచుకొన్నాడు. తండ్రి పోయినప్పుడు కాగితాలు తిరిగే దశలో వుండి రాలేకపోయాడు. మా అక్కయ్య ఆ మాట యెత్తితే యిప్పటికీ కొంగు కళ్ళకు అద్దుకొంటుంది. ఆ కాగితాలు ఆగినది యే ఆపరేషను గదిలోనూ కాదు, చట్టం వ్రాసే గదిలో.

యిక ఫీజుల సంగతి. ముసలివారికి అక్కడి ప్రభుత్వం మెడికేరు పథకం కింద వైద్యపు ఖర్చు భరిస్తుంది. 1997లో ఒక చట్టం చేసి, డాక్టర్లకు చెల్లించే మొత్తం ఒక లెక్క దాటితే మరుసటి యేడు రేట్లు కోసే సూత్రం పెట్టారు. లెక్క తప్పిన సూత్రం. 2002లో ఒకసారి కోత పడనే పడింది. 2003 నుండి యేటా కోత మీద కోత పేరుకొన్నది. కాంగ్రెసు పదిహేడు సార్లు వాయిదా వేసింది. చివరకు నూటికి యిరవై ఒకటి కోత నెత్తి మీదకు వచ్చినప్పుడు, 2015 ఏప్రిలులో ఆ సూత్రాన్నే యెత్తివేశారు. అన్ని శాఖల డాక్టర్ల సంఘాలూ పన్నెండేళ్ళు విడవకుండా తలుపు తట్టిన ఫలితం అది. కోత పడివుంటే నష్టం డాక్టరుకొక్కడికే కాదు. ఆ రేటుకు చూడలేమని డాక్టర్లు తప్పుకొంటే ముసలివారు యెక్కడికి పోతారు?

మా వాడి శాఖ సంగతే యింకొకటి. 2024 నవంబరులో ఆంథెం అనే భీమా కంపెనీ కొన్ని రాష్ట్రాలలో, ఆపరేషనుకు యింత సేపని నిర్ణయించి, ఆ సేపు దాటిన మత్తు పనికి డబ్బు చెల్లించబోమన్నది. కడుపు కోసిన తరువాత గడియారం చూసి రోగిని లేపుతారా? మత్తు డాక్టర్ల సంఘం వారు ఆ నోటీసు పట్టుకొని లోకానికి చాటారు. గగ్గోలు పుట్టింది. డిసెంబరు మొదటి వారంలోనే కంపెనీ వెనక్కు తగ్గింది. ఎన్నికల విరాళం వల్ల జరిగిన పని కాదది. కాని నోటీసులు చదివే మనుషులను జీతమిచ్చి పెట్టుకొన్న సంఘం లేకపోతే, ఆ కాగితం యెవరి కంట పడేది? మా ఆఫీసు నోటీసు బోర్డు కాగితం మా కంట పడ్డది. జవాబు వ్రాయించే డబ్బు లేకపోయింది.

మన చెన్నపట్నం సంగతి

యిదంతా అమెరికా గొడవ గదా, మనకెందుకు అనవచ్చు. వృత్తివారు చందాలతో నిధి పెట్టుకొని చట్టసభలో తమ మాట వినిపించుకోవడం మన ఊరికి కొత్త కాదు.

1918లో పెరంబూరు బిన్నీ మిల్లుల కార్మికులు, బి.పి. వాడియాగారు పెద్దగా, మద్రాసు లేబరు యూనియను పెట్టారు. మిల్లు యజమానులు హైకోర్టుకు వెళ్ళి వాడియాగారి మీద ఉత్తరువు తెచ్చారు. సంఘానికి చట్టపు రక్షణ లేకపోతే యెవరైనా యిట్లా చేయవచ్చునని దేశమంతా గ్రహించింది. 1926లో ట్రేడు యూనియన్ల చట్టం రావడానికి ఆ మద్రాసు దావాయే పెద్ద ప్రేరణ. ఆ చట్టంలో పదహారవ సెక్షను ప్రకారం సంఘం రాజకీయ ప్రయోజనాల కోసం విడిగా ఒక నిధి పెట్టుకోవచ్చు. దానికి చందా యిష్టమైతేనే. యివ్వనివాణ్ణి సంఘంలో తక్కువ చేయకూడదు. అమెరికా నియమాలకు యివి యెంత దగ్గరో చూడండి. 2025 నవంబరులో కొత్త పారిశ్రామిక సంబంధాల స్మృతి అమలుకు వచ్చి ఆ పాత చట్టం స్థానం తీసుకొన్నది. ప్రత్యేక నిధి యేర్పాటు అందులోనూ వున్నది.

డాక్టర్ల సంఘాలు ట్రేడు యూనియన్లు కావు గనుక, అమెరికా తరహా సమితి మన డాక్టర్లకు లేదు. మన దేశంలో మనిషి పార్టీకి నేరుగా యివ్వవచ్చు. రొక్కం కాక చెక్కుతోనో బ్యాంకు ద్వారానో యిస్తే, పాత పన్ను పద్ధతిలో వున్నవారికి ఆదాయపు పన్నులో మినహాయింపు వుంటుంది. పేరు కనబడకుండా యిచ్చే ఎన్నికల బాండ్లను 2018లో తెచ్చారు. యిచ్చింది యెవరో వోటరుకు తెలియాలని సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న వాటిని కొట్టివేసింది. యిక్కడ డాక్టర్లకు మిగిలిన దారి తమ సంఘం. దాని చందా, దాని కోర్టు ఖర్చుల నిధి, అది ప్రభుత్వానికి పంపే మహజర్లు. వాటి విలువ యేమిటో మూడు సంగతుల వల్ల తెలుస్తుంది.

మొదటిది ఓడిన కథ. డాక్టరు చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి రాదని మన మద్రాసు హైకోర్టు 1994లో అన్నది. 1928లో పుట్టిన భారత వైద్య సంఘం అదే వాదాన్ని సుప్రీంకోర్టు ముందు పెట్టింది. 1995 నవంబరు 13న సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఫీజు తీసుకొని చేసే వైద్యం సేవయే, రోగి ఫిర్యాదు చేసుకోవచ్చు అన్నది. రోగిగా నాకు ఆ తీర్పు మంచిదే అనిపిస్తుంది. అయినా డాక్టర్ల మాట పూర్తిగా విన్న తరువాతనే తీర్పు వచ్చింది. ఉచితంగా అందరికీ చేసే వైద్యానికి మినహాయింపు దక్కింది. మాట వినిపించుకొని ఓడడం వేరు, మా పదిహేడు మందిలాగా వినిపించుకోకుండా ఓడడం వేరు.

రెండవది గెలిచిన కథ. ప్రభుత్వ ఆస్పత్రులలో పని చేసే డాక్టర్లకు పై చదువుల సీట్లలో కొంత భాగం కేటాయించే అధికారం రాష్ట్రాలకు వున్నదా లేదా అన్న వివాదం వచ్చింది. తమిళనాడు వైద్యాధికారుల సంఘం సుప్రీంకోర్టులో పట్టు వదలలేదు. 2020 ఆగస్టు 31న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ అధికారం రాష్ట్రాలకు వున్నదన్నది. మారుమూల ఆరోగ్య కేంద్రంలో పని చేసే డాక్టరు రేపు పై చదువు చదివి జిల్లా ఆస్పత్రికే నిపుణుడై రావడానికి దారి దొరికింది. ఒక డాక్టరు ఒంటరిగా మోయగలిగిన కేసు కాదది.

మూడవది చెప్పడానికి మనసు రాదు. 2020 ఏప్రిలు, కరోనా మొదటి రోజులు. నెల్లూరు ఎముకల వైద్యుడొకరు ఆ జబ్బు సోకి మన ఊరి ఆస్పత్రికి వచ్చి 13వ తేదీన కన్నుమూశారు. అంబత్తూరు శ్మశానానికి తీసుకుపోతే ఆ చుట్టుపక్కల వారు అడ్డుకొన్నారు. నెల్లూరు నుండి మద్రాసుకు వైద్యానికి రావడం మన తాతల నాటి అలవాటు. అట్లా వచ్చిన ఒక వైద్యుడికి యీ ఊళ్ళో కాటి కట్టె దొరకడం గగనమైంది. వారం తిరగకుండానే, 19వ తేదీ రాత్రి, నరాల శస్త్రవైద్యుడొకరి పార్థివ శరీరాన్ని మోసుకుపోతున్న బండి మీద రాళ్ళూ కర్రలూ పడ్డవి. తోటి డాక్టరే పార పట్టి మట్టి కప్పవలసి వచ్చింది.

భారత వైద్య సంఘం వారు 22వ తేదీ రాత్రి దేశమంతటా డాక్టర్లు దీపాలు పట్టుకొంటారనీ, మరునాడు నల్ల దినమనీ ప్రకటించారు. 22 ఉదయమే కేంద్ర హోం మంత్రి వారితో మాట్లాడారు. వారు ఆ కార్యక్రమం విరమించారు. అదే రోజు కేంద్ర మంత్రివర్గం ఆర్డినెన్సు ఆమోదించింది. అంటువ్యాధి రోజులలో వైద్యుల మీద చేయి చేసుకొంటే అయిదేళ్ళ దాకా, గట్టి గాయమైతే ఏడేళ్ళ దాకా శిక్ష. సెప్టెంబరులో అది చట్టమైంది. మూడు రోజుల్లో ఢిల్లీని కదిలించిన ఆ సంఘం మూడు రోజుల్లో పుట్టింది కాదు. తొంభై రెండేళ్ళుగా సభ్యులు కట్టిన చందా ఆ మూడు రోజులకు పనికి వచ్చింది.

ఆ చట్టం అంటువ్యాధి రోజులకు మాత్రమే. మామూలు రోజులకు తమిళనాడులోనూ ఆంధ్రలోనూ 2008 నాటి రాష్ట్ర చట్టాలు వున్నవి. అయినా 2024 నవంబరు 13న గిండీలోని కలైజ్ఞర్ శతాబ్ది ఆస్పత్రిలో ఒక క్యాన్సరు వైద్యుణ్ణి ఆయన గదిలోనే రోగి కుమారుడు కత్తితో పొడిచాడు. దేవుని దయ వల్ల ఆయన బ్రతికారు. దేశమంతటికీ ఒకే చట్టం కావాలని డాక్టర్లు అడుగుతూనే వున్నారు. ఆ అడిగే పనికి రైలు చార్జీలు కావాలి, లాయర్లు కావాలి, కాగితాలు వ్రాసే నాబోటి గుమాస్తాలు కావాలి. యిదంతా పుణ్యానికి జరగదు.

మూడు అభ్యంతరాలు

“డాక్టరుకు రాజకీయాలు తగవు” అంటారు. మన మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డిగారు 1927లో మద్రాసు శాసనమండలిలో అడుగుపెట్టి, దానికి ఉపాధ్యక్షురాలైనారు. దేవదాసీ ఆచారాన్ని రూపుమాపడానికి ఆమె అక్కడ మొదలుపెట్టిన కృషి 1947లో చట్టమైంది. అడయారు క్యాన్సరు ఆస్పత్రి 1954లో ఆమె చలవ వల్లనే వెలిసింది. అందుకు ఆమె యింటింటికీ చేయి చాచి చందాలు తెచ్చారు. చట్టసభకు పోవడం వల్ల ఆమె వైద్యం చిన్నబోయిందా?

“నేనిచ్చే చిన్న మొత్తం యే మూలకు?” అంటారు. ఈ మాట నేను పదకొండేళ్ళు విన్నాను. అన్నవారంతా యిచ్చివుంటే నాలుగు వేలకు బదులు నలభై వేలు వుండేవి.

మూడవ అభ్యంతరం గట్టిది. మా అక్కయ్య అడిగింది: “డాక్టర్లంతా డబ్బు పోగేసి తమ లాభమే చూసుకొంటే రోగుల గతేమిటిరా?” నిజమే. 1961లో సమితి స్థాపించిన అమెరికా డాక్టర్ల సంఘమే ఆ రోజుల్లో ముసలివారి మెడికేరు పథకాన్ని గట్టిగా ఎదిరించింది. అప్పటికి నటుడుగా వున్న రొనాల్డు రేగను చేత ఉపన్యాసం చెప్పించి, రికార్డు వేయించి, డాక్టర్ల భార్యలు కాఫీ విందులు పెట్టి వినిపించారు. అయినా 1965లో చట్టం వచ్చింది. ఆ పథకం కోట్లాది వృద్ధులకు ఊరట అయింది. దాని ఫీజులు కోయవద్దని తరువాతి తరం డాక్టర్లే పోరాడారు. చందా యిచ్చి వూరుకొంటే యిటువంటి పొరపాట్లు జరుగుతవి. అందుకని యివ్వడం మానుకోకూడదు. యిచ్చి లోపల కూర్చుని అడగాలి. చందా కట్టనివాడు సర్వసభ్య సమావేశంలో లేచి “యిది తప్పు” అంటే, మా ఆఫీసులో అయినా వినేవారు లేరు.

యిచ్చే పద్ధతి

కోశాధికారిగా నేను నేర్చుకొన్న నాలుగు మాటలు మా వాడితో చెప్పాను. మన డాక్టరు పిల్లలందరికీ చెప్పదగినవే. ఒకటి, యివ్వడానికి అర్హత వున్నదా లేదా చూసుకో. అమెరికాలో అయితే వీసా సంగతి మరవకు. రెండు, సొంత ఖాతా నుండి యిచ్చి, రసీదు తీసుకొని దాచుకో. అక్కడ ఈ చందాకు పన్ను మినహాయింపు లేదు. వుందనుకొని లెక్కల్లో చూపవద్దు. మూడు, నిరుడు యే అభ్యర్థులకు యెంత యిచ్చారో జాబితా తెప్పించుకొని చదువు. రెండు పార్టీల వారికీ యిస్తారు గనుక నీకు నచ్చని పేరు కనబడుతుంది. యెందుకు యిచ్చారో అడుగు. నాలుగు, సంఘం అడిగే కోరిక రోగికి కూడా మేలు చేసేదేనా అని చూడు. కాదనిపిస్తే ఉత్తరం వ్రాయి. అయినా మారకపోతే మరుసటి యేడు యివ్వవద్దు. యిష్టపూర్వకమైన చందాకు వున్న బలం అదే.

యిక్కడ చెన్నపట్నంలో ప్రాక్టీసు చేసే మనవారికి యింకొక మాట. మీ శాఖ సంఘంలో సభ్యత్వం వుండీ సభలకు పోనివారు వున్నారు. అది కేవలం యేడాదికొక విందు, రెండు ఉపన్యాసాలు అనుకోకండి. గిండీ లాంటిది మళ్ళీ జరిగిన రోజున మీకు ఫోను చేయడానికి వున్న నంబరు అదే.

మా వాడు విని చాలాసేపు మాట్లాడలేదు. అమెరికాకు తిరిగి వెళ్ళిన పది రోజులకు రసీదు బొమ్మ నా సెల్‌ఫోనుకు పంపాడు. కింద వ్రాశాడు: “మామయ్యా, రెండువందల యాభై యిచ్చాను. నిరుటి జాబితా తెప్పించుకొన్నాను. అందులో ఇద్దరి విషయం నాకు నచ్చలేదు, ఉత్తరం వ్రాశాను. మీ ఆఫీసు సంఘం నిధి యిప్పుడు యెట్లా వుంది?”

మా నిధిలో యిప్పుడు అరవై మూడు వేలు వున్నవి. కోశాధికారి నేను కాను. నాకన్న పదిహేనేళ్ళు చిన్నదైన ఒక అమ్మాయి, బి.కాం. చదివింది, లెక్కలు నాకన్న బాగా వ్రాస్తుంది. ప్రతి నెలా జీతం మరునాడు ఆమె నా బల్ల దగ్గరకు వచ్చేసరికి డబ్బు తీసి సిద్ధంగా పెట్టుకొంటున్నాను. నాకు మూసుకుపోయిన మెట్టు మళ్ళీ తెరుచుకోదు. ఆమెకు మూసుకుపోకుండా చూడాలి గదా.